మూట వచ్చిన తేదీ

పదమూడేళ్ళుగా ఒక తేదీని మోస్తున్నాను. పుట్టినరోజు కాదు, పెళ్ళిరోజు కాదు, ఎవరో పోయిన రోజు కూడా కాదు. జిగురు మూటలు గోదాముకు వచ్చిన తేదీ. వినడానికి నవ్వులాటగా ఉంటుందని నాకు తెలుసు. మొదట్లో నేనూ అలాగే అనుకున్నాను, మూట తేదీ కోసం ఇంత రాద్ధాంతం ఏమిటని. కానీ ఆ తేదీ వల్ల ఒక మనిషి పరువు పోయింది. పోగొట్టింది నేను.

మీరెవరో నాకు తెలియదు. తెలియదు కాబట్టే చెప్పగలుగుతున్నాను. తెలుగులో రాయడానికి ఇంకో కారణం కూడా ఉంది, అదీ దాచను. మా ఇంట్లో అందరం తెలుగు మాట్లాడతాం గానీ చదవడం ఎవరికీ రాదు. మా ఆయనకూ పిల్లలకూ అరవ అక్షరాలే వచ్చు. నాకు మాత్రం మా చర్చికి నెల్లూరు వైపు నుంచి వచ్చిన పాస్టరమ్మ ఓపిగ్గా కూర్చోబెట్టి నేర్పింది. ఈ కాగితాలు బల్ల మీద తెరిచి పెట్టినా మా ఇంట్లో ఒక్కరూ చదవలేరు. తప్పు ఒప్పుకునేటప్పుడు కూడా దాక్కోవడానికి చోటు చూసుకున్నానా? చూసుకున్నాను. నేను ఎలాంటిదాన్నో మీకు మొదటే తెలియడం మంచిది.

మాది తమిళనాడులో కోవిల్‌పట్టి. అగ్గిపెట్టెల కంపెనీని మా ఊళ్ళో తీప్పెట్టి ఆఫీసు అంటారు. మా అమ్మ అలాంటి ఒక ఆఫీసులో కింద కూర్చుని పెట్టెల్లో పుల్లలు సర్దేది. నేను పన్నెండో తరగతి అయ్యాక బస్టాండు పక్కన మేడమీద గదిలో ఆరు నెలలు కంప్యూటర్ కోర్సు చేశాను. ఇది తొంభైల నడుమ మాట. ఆ ఏడాదే మా మొదలాళి, అంటే యజమాని, కోవిల్‌పట్టి ఆఫీసుకు ఒక కంప్యూటర్ కొన్నాడు. ఆయన ఉండేది విరుదునగర్‌లో. గోదాములో ఏ సరుకు ఎంత ఉందో అక్కడినుంచే తెలుసుకోవాలని ఆయన కోరిక. మా అమ్మ పోయి అడిగింది. నాకు ఉద్యోగం ఇచ్చాడు.

మా వంశంలో ఆఫీసు కుర్చీలో కూర్చున్న మొదటి మనిషిని నేనే. అమ్మ షెడ్డులోంచి తలెత్తితే కిటికీలో నా వీపు కనిపించేది. రోజుకు ఎన్నిసార్లు తలెత్తి చూసుకునేదో ఆ దేవుడికే తెలియాలి. ఆ కుర్చీ అంటే నాకు ఎంత ఇష్టమో, అది పోతుందేమోనని అంత భయం.

గోదాము చూసుకునేది గురుసామి నాయకర్. అప్పటికే అరవై దగ్గర పడుతున్న మనిషి. కళుగుమలై దాటాక ఒక నల్లరేగడి ఊళ్ళో ఆయనకు కాస్త భూమి ఉంది. వానలు పడితే పంట, లేకపోతే జీతం. ఆయన ఇంట్లోనూ తెలుగే, మా ఇంట్లోనూ తెలుగే. కానీ ఆయన వీధి వేరు, మా వీధి వేరు. మా అమ్మ బిందెలో నీళ్ళు ఆయన ఏనాడూ తాగలేదు. ఈ సంగతి ఇక్కడే చెప్పేస్తున్నాను, ఎందుకంటే తర్వాత చాలా కాలం నేను దీని వెనక దాక్కున్నాను.

ఆయనకు ఒక పద్ధతి ఉండేది. అగ్గిపుల్ల తల మీద మందు రాలిపోకుండా పట్టి ఉంచడానికి అందులో జిగురు కలుపుతారు. మా వైపు దాన్ని వజ్జిరం అంటారు. గోనెసంచుల్లో పలుకులుగా వస్తుంది. ఎక్కువ కాలం నిలవ ఉండి తేమ తగిలితే పట్టు చచ్చిపోతుంది. కాబట్టి పాత మూట ముందు వాడెయ్యాలి. దానికి నాయకర్ ప్రతి అమావాస్యకూ చిన్న డబ్బాలో సున్నం కలుపుకొని, గోదాములో మిగిలి ఉన్న ప్రతి మూట మీదా వేలితో ఒక గీత పెట్టేవాడు. మూడు గీతలుంటే మూడు అమావాస్యలు చూసిన మూట. పది గీతలుంటే పది. ఎక్కువ గీతలున్నది ముందు బయటికి పోతుంది. పుస్తకం అక్కర్లేదు, కలం అక్కర్లేదు. అమావాస్యకు సెలవు పెట్టడం ఆయన ఎరగడని మా అమ్మ చెప్పేది.

నాకు ఆ గీతలు మోటుగా కనిపించాయి. ఆరు నెలల కోర్సు తలకెక్కిన పిల్లకు ఇంకెలా కనిపిస్తాయి?

కంప్యూటర్ వచ్చిన ఎండాకాలంలోనే గోదాముకు వెల్ల వేయించారు. మూటలన్నీ బయటికి తెచ్చి, వెల్ల ఆరాక మళ్ళీ ఇష్టం వచ్చినట్టు లోపల పేర్చారు. ఒక్కో మూటకూ నంబరు రాసిన చీటీ అంటించాలని మొదలాళి చెప్పాడు. సున్నం మీద జిగురు పట్టదని నేనే ఇద్దరు ఆడవాళ్ళకు తడిగుడ్డలిచ్చి గీతలన్నీ తుడిపించాను. నాయకర్ గుమ్మంలో నిలబడి చూశాడు. తుడిచేముందు గీతలు లెక్కపెట్టి రాసుకోమని నెమ్మదిగా అన్నాడు. అక్కర్లేదన్నాను. కంప్యూటర్లో అన్నీ ఉంటాయన్నాను.

కంప్యూటర్లో నిజంగానే అన్నిటికీ గడులు ఉన్నాయి. సరుకు పేరు, మూట నంబరు, బరువు, ఏ మూల ఉంది, వచ్చిన తేదీ. పేరు, నంబరు, బరువు సరిగ్గా కొట్టాను. ఒక్క కిలో తేడా లేదు. తేదీ గడి దగ్గర ఆగాను. ఏ మూట ఎప్పుడు వచ్చిందో చూడాలంటే పాత బిల్లుల కట్టలు దించాలి. అవి నా తల మీది అటకలోనే ఉన్నాయి, నిచ్చెన వేసుకుంటే అందుతాయి. దుమ్ము. పైగా వేసవి. తేదీ ఖాళీగా వదిలితే కంప్యూటర్ కూత పెట్టి ముందుకు పోనివ్వదు. ఏదో ఒక తేదీ ఇస్తే ఊరుకుంటుంది. ఆ రోజు తేదీ కొట్టాను. ఊరుకుంది. గోదాములో ఉన్న జిగురు మూటలన్నిటికీ అదే తేదీ కొట్టుకుంటూ పోయాను.

అంతే. మొదటి తప్పు అదే. దాన్ని ఇప్పటికీ పెద్ద పాపం అనుకోను. తెలియనితనం, బద్ధకం, కొంచెం పొగరు. గడి నిండితే పని అయిపోయిందనుకున్నాను. ఆ గడి నన్ను ఒక ప్రశ్న అడుగుతోందని, దానికి నేను జవాబు చెప్పకుండా నోరు మాత్రం మూయించానని నాకు తట్టలేదు.

మందు కలిపే గదినుంచి జిగురు కావాలని అడిగితే, కంప్యూటర్ ఏ మూట ముందు వచ్చిందో చూసి దాని నంబరు చూపించాలి. అన్నిటికీ ఒకే తేదీ ఉంటే అది పాపం ఏం చూస్తుంది? మూట నంబర్ల వరుసలో చూపించడం మొదలుపెట్టింది. నేను నంబర్లు వేసింది గుమ్మం దగ్గరనుంచి. గుమ్మం దగ్గర పేర్చినవి ఆ నెలల్లో వచ్చిన కొత్త మూటలు. మందు గదికి పంపడానికి ముద్రించే చీటీలో సరుకు పేరు, బరువు మాత్రమే పడేవి. మూట నంబరుకు అందులో చోటు లేదు. తెర మీద చూసి నేను నోటితో చెప్పేదాన్ని, నాయకర్ ఆ నంబరు మూట తీసి ఇచ్చేవాడు. సాయంత్రం ఆయన తీసిన మూటల నంబర్లు చెబితే కంప్యూటర్లో కొట్టుకునేదాన్ని.

మొదటిరోజే ఆయన నా బల్ల దగ్గరికి వచ్చాడు. ఆ మాటలు నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తున్నాయి.

"పాపా, నువ్వు చెప్పిన మూట పుదుసు, కొత్తది. నాలుగు గీతలదే. లోపల గోడకి ఆనుకోని ఉండేవి పదకొండు గీతలవి. గీతలు తుడిచేసినా నాకు గ్యాపకం ఉండాది. వాటిని ముందర ఎత్తేద్దామా?"

"నాయకరయ్యా, కంప్యూటర్‌లో ఏ నెంబరు వస్తే అదే ఎత్తండి. మొదలాళి అట్లనే చెప్పినారు."

"అది సరిమా. వాన నెలకి అవి తాంగవు, పట్టు పోతాది. అందుకు చెప్తాను."

"గీతలు గీసే కాలం పోయిందయ్యా. మీరు నెంబరు చూసి ఎత్తితే చాలు."

"సరిమా, చదివిన పిల్లవి," అన్నాడు. వెటకారం లేదు. ఉంటే బాగుండేదని ఎన్నోసార్లు అనుకున్నాను. ఆ తర్వాత ఆయన ఇంకెప్పుడూ అడగలేదు. నంబరు చెబితే తలూపి పోయి ఆ మూటే తెచ్చేవాడు.

ఐప్పసి నెల వచ్చింది, వానలు మొదలయ్యాయి. అప్పటికి గుమ్మం దగ్గరి మూటలు అయిపోయి గోడ పక్క పాత మూటల వంతు వచ్చింది. ఆ జిగురుతో చేసిన పెట్టెలు లారీల మీద ఉత్తరాదికి పోయాయి. రెండు నెలలకు అందులో ఒక లారీ సరుకు వెనక్కి వచ్చింది. పెట్టె తెరిస్తే పుల్లలు ఒక పక్క, తలలు ఒక పక్క. గీస్తే మందు పొడిపొడిగా రాలిపోతోంది.

మొదలాళి విరుదునగర్ నుంచి పొద్దున్నే కారులో వచ్చాడు. మందు గదిలో అడిగాడు. జిగురు పట్టు చచ్చిందని వాళ్ళు చెప్పారు. అంత పాత జిగురు ఇప్పటిదాకా ఎందుకు ఉందని నాయకర్‌ను అడిగాడు. పాప చెప్పిన నంబరే తీశానని నాయకర్ అన్నాడు. మొదలాళి నా వైపు తిరిగి, మూటలన్నీ ఎప్పుడు వచ్చాయో, ఏది ఎప్పుడు బయటికి పోయిందో కాగితం మీద తీసి పెట్టమన్నాడు. భోజనం చేసి వచ్చి చూస్తానన్నాడు.

తెర మీద ఆ పట్టిక తెరిచాను. పైనుంచి కిందిదాకా ఒకటే తేదీ. అప్పుడు అర్థమైంది నాకు. ఆ గడి ఏమి అడిగిందో, నేను ఏమి నింపానో, కంప్యూటర్ ఎందుకు కొత్త మూటలు ముందు చూపించిందో అంతా ఒక్కసారిగా అర్థమైంది. ఇది చూస్తే మొదలాళికి కూడా అర్థమవుతుంది. ఆ కుర్చీ నాది కాకుండా పోతుంది. కిటికీలో నా వీపు బదులు అమ్మకు ఏమి కనిపిస్తుంది?

ఇక ఇప్పుడు చెప్పబోయేది తెలియక చేసింది కాదు.

నిచ్చెన వేసుకున్నాను. వేసవిలో బరువైన బిల్లుల కట్టలు ఆ రోజు చాలా తేలిగ్గా దిగాయి. ఒక్కో బిల్లులో బరువులు పోల్చుకుంటూ మూటలన్నిటికీ వాటి అసలు తేదీలు కొట్టాను. అవి నిజమైన తేదీలే. ఎంత విచిత్రం చూడండి, నేను ఆ రోజు కంప్యూటర్లో ఒక్క అబద్ధం కూడా కొట్టలేదు. అబద్ధాలన్నీ చెరిపి నిజాలు పెట్టాను. ఆ నిజాలతోనే ఒక మనిషిని దొంగను చేసినంత పని చేశాను. ఎందుకంటే ఇప్పుడు కాగితం చూస్తే, పాత మూటల తేదీలు కంప్యూటర్లో మొదటినుంచీ స్పష్టంగా ఉన్నట్టు, అది పాత మూటలనే ముందు చూపించినట్టు, నాయకరే తన ఇష్టం వచ్చినట్టు చేతికి అందిన మూటలు తీసినట్టు కనిపిస్తుంది. ఎవరు మార్చారు, ఎప్పుడు మార్చారు అని రాసిపెట్టే గడి ఆ రోజుల్లో లేదు. లేదని నాకు తెలుసు. తెలిసే చేశాను.

మొదలాళి కాగితం పట్టుకొని నాయకర్ ముందు పెట్టాడు. ఆయనకు ఇంగ్లీషు రాదు గానీ అంకెలు చదవగలడు. చాలాసేపు చూశాడు. తర్వాత నా వైపు చూశాడు. నేను ప్రింటర్ వైపు చూశాను.

నువ్వు వేరే నంబర్లు చెప్పావా అని మొదలాళి అరవంలో అడిగాడు. ఇల్లే సార్, అంటే లేదు సార్, అన్నాను. అంత చిన్న మాట. రెండు ముక్కలు.

నాయకర్ గోదాములోకి పోయి తుండు తెచ్చుకున్నాడు, తాళాలు బల్ల మీద పెట్టాడు, బస్సుకు పోయాడు. తాగి పనిచేశాడని కొందరన్నారు, జిగురు బయట అమ్ముకున్నాడని కొందరన్నారు. ఏదీ నేను అనలేదు. ఏదీ నేను కాదనలేదు కూడా. ఆ సాయంత్రం అమ్మ, పాపం పెద్దాయన, ఎట్లాంటి మనిషికి ఎట్లాంటి గతి అంది. నేను అన్నం కలుపుకున్నాను.

నాకు నేను ఎన్ని చెప్పుకోలేదు? ఆయనకు భూమి ఉంది, మాకు ఏముంది అనుకున్నాను. మా అమ్మ బిందె ముట్టని మనిషి కోసం నేనెందుకు మునిగిపోవాలి అనుకున్నాను. ఇది బాగా పనిచేసింది. ఎన్నో ఏళ్ళు పనిచేసింది. బాధ అనిపించిన ప్రతిసారీ ఆ బిందె తీసి అడ్డం పెట్టుకునేదాన్ని. మా వాళ్ళు పడ్డ అవమానం నిజం. కానీ ఆ రోజు తేదీలు మార్చినప్పుడు నా మనసులో బిందె లేదు. కుర్చీ ఒక్కటే ఉంది. నా పిరికితనానికి మా అమ్మ అవమానాన్ని ముసుగు వేశాను. ఆలోచిస్తే అమ్మకు చేసిన అన్యాయం కూడా అదే.

నాలుగేళ్ళకు నన్ను విరుదునగర్ ఆఫీసుకు మార్చారు. రోజూ బస్సులో పోయి వస్తాను. రెండు వేల సంవత్సరం దాటాక అక్కడ కొత్త సాఫ్ట్‌వేర్ పెట్టారు. కొత్తగా చేరిన పిల్లలకు దాన్ని నేర్పే పని నాకిచ్చారు. తేదీ అని గడి కనిపిస్తే ఏ తేదీ అని అడగండి, సరుకు వచ్చిన తేదీనా, బిల్లు తేదీనా, మీరు కొట్టే తేదీనా, తెలియకపోతే ఆగి గోదాము మనిషిని అడగండి, అని చెబుతాను. మేడమ్ బాగా అర్థమయ్యేలా చెబుతుందని పేరు. ఆ పేరు విన్నప్పుడల్లా తలకొట్టేసినట్టు ఉంటుంది. నేను ఎక్కడ నేర్చుకున్నానో వాళ్ళకేం తెలుసు?

ఆ కొత్త సాఫ్ట్‌వేర్‌లో ప్రతి పట్టిక అడుగునా ఒక గడి ఉంది. చివరగా మార్చింది ఎవరు, ఎప్పుడు. మొదటిరోజు ఏదో చిన్న బరువు సరిదిద్దాను. వెంటనే అడుగున నా పేరు, గంట, నిమిషం పడ్డాయి. మామూలు సంగతే. కానీ ఆ రోజు మధ్యాహ్నం క్యారియర్ విప్పలేకపోయాను. తర్వాతి ఆదివారం ప్రార్థన అయ్యాక, ఎవరికీ చెప్పకుండా కళుగుమలై బస్సెక్కి, అక్కడ దిగి నాయకర్ ఊరికి పోయాను. చెప్పేద్దామనే పోయాను. ఈ మాట నమ్మండి.

ఆయన తిన్నె మీద కూర్చుని ఉన్నాడు. బాగా చిక్కిపోయాడు. నన్ను గుర్తుపట్టి సంతోషపడ్డాడు. ఆయన భార్య నాకు నీళ్ళు తెచ్చింది. లోపలి స్టీలు గ్లాసులో కాదు, గుమ్మం పక్క విడిగా పెట్టిన సొట్ట లోటాలో. దాన్ని చూడగానే నా మనసు తేలికపడింది. సిగ్గుతో చెబుతున్నాను, తేలికపడింది. నన్ను కాస్త అవమానించారు, ఇక చెల్లుకు చెల్లు అనిపించింది.

అప్పుడాయన ఆ సంగతి తనంతట తనే ఎత్తాడు. నాతో వచ్చి పాత మూటలు ముందు తీద్దామా అని అడిగినట్టు, నేను వద్దన్నట్టు తనకు గుర్తుందట. "నాకట్లా గ్యాపకం పాపా. కాయితంలో వేరేగా ఉండె. కాయితం ఎందుకు అబద్దం చెప్తాది? నా తలే చెడిపొయ్యింది అప్పుటికే," అన్నాడు. నా మీద నింద వేసినందుకు ఏమీ అనుకోవద్దన్నాడు.

ఆయన భార్య అందుకుంది. ఆ ఉద్యోగం పోయినప్పటినుంచి ఆయనకు తన మీద తనకే నమ్మకం పోయిందట. విత్తనాల గది తాళం కోడలికి ఇచ్చేశాడట. సాళ్ళు ఎన్ని దున్నాలో, ఏ చేనికి ఏ విత్తనమో ఒకప్పుడు ఊరంతా ఆయన్ను అడిగేది. ఇప్పుడు ఏం చెప్పినా చివర అవునా కాదా అని ఆమెనే అడుగుతాడట. ఆమె మాట్లాడుతున్నంతసేపూ ఆయన నా ముఖం చూస్తూ తలూపుతున్నాడు, ఆమె చెప్పేది సరిగ్గానే ఉందా అని నన్ను కూడా అడుగుతున్నట్టు.

ఉద్యోగం పోగొట్టానని తెలుసు. పరువు పోగొట్టానని తెలుసు. మనిషి లోపల ఇంకో చోటికి కూడా నా చెయ్యి పోయిందని నాకు ఆ రోజుదాకా తెలియదు. అక్కడ ఉన్నదాన్ని కూడా నేను మార్చేశాను. ఆయన తన కళ్ళతో చూసింది, తన చెవులతో విన్నది ఆయనకే అబద్ధమైపోయింది.

ఒక్క మాట చాలు. మీకు గుర్తున్నదే జరిగింది, అంటే చాలు. నోటిదాకా వచ్చింది. బస్సుకు టైమైందన్నాను.

ఆయన పోయి ఏడాదైంది. ఆ ఊరినుంచి విరుదునగర్‌కు మిరపకాయల బండితో వచ్చిన ఒకాయన మాటల మధ్యలో చెప్పాడు. నేను పోలేదు. ఏ ముఖంతో పోను? మొదలాళి కూడా ఇప్పుడు లేడు. అమ్మ ఉంది, కానీ ఆమెకు చెప్పను. ఆమెకు మిగిలిన సంతోషం ఆ కిటికీ ఒక్కటే. ఇదీ పిరికితనమేనా, లేక జాలా? నాకు తెలియదు. నా విషయంలో ఆ రెంటికీ తేడా కనిపెట్టడం ఎప్పుడో మానేశాను.

క్షమించమని అడగడానికి మనిషి లేడు. ఉన్నప్పుడు అడగలేదు. దేవుణ్ణి అడగవచ్చని పాస్టరమ్మ అంటుంది. కానీ దేవుడికి జిగురు మూటల సంగతి మొదటినుంచీ తెలుసు. తెలియనిది గురుసామి నాయకర్‌కు. ఆయనకు చెప్పాల్సిన మాట మీకు చెబుతున్నాను, చెల్లదని తెలిసీ. అయినా ఒకచోట రాసి ఉండాలి. రాస్తుంటే ఊపిరి కొంచెం లోపలిదాకా పోతోంది.

నాయకరయ్యా, ఆ వేసవిలో మీరు నా బల్ల దగ్గరికి వచ్చారు. పాత మూటలు ముందు తీద్దామని అడిగారు. నేను వద్దన్నాను. మీకు గుర్తున్నదే జరిగింది.